ఎత్తిపోతల చూడటానికి వయసు దాటిపోలేదు
(సంఘం ఏర్పాటు చేసిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. నేను ఒక జలపాతం గురించి మాట్లాడదామని లేచాను. నవ్వకండి. ఈ రోజుకీ దానికీ సంబంధం ఉంది.

1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు ఇచ్చింది. అందుకే ఏటా ఈ తేదీన మనం ఈ పండుగ చేసుకుంటున్నాం. పెన్షన్ అంటే ప్రభుత్వం దయతలచి వేసే భిక్ష కాదని, ఏళ్ళ తరబడి చేసిన సేవకు దక్కిన హక్కు అని, చివరి రోజుల్లో మనిషి పరువుగా బతకడానికే అది ఉన్నదని ఆ తీర్పు సారాంశం. ఇన్నేళ్ళుగా మనం ఈ మాట వేదికల మీద చెప్పుకుంటున్నాం. అయితే పరువుగా బతకడమంటే బీపీ మాత్రలు కొనుక్కోవడం, కరెంటు బిల్లు కట్టడం, మనవడికి పుట్టినరోజు నాడు చొక్కా గుడ్డ తేవడం, ఇంతేనా? ఏడాదికొకసారి ఇల్లు కదిలి, ఒక మంచి చోటు చూసి, నలుగురితో కలిసి భోంచేసి రావడం కూడా అందులో భాగమే అని నా మనవి.

విషయానికి వస్తాను. కిందటి ఏడాది డిసెంబరులో మన సంఘం తరఫున ఎత్తిపోతల జలపాతానికి వెళ్ళివచ్చాం. ఈ ఏడు మళ్ళీ వెళ్ళాలని కార్యవర్గం తలపెట్టింది. సంతోషం. కాని 75 ఏళ్ళు దాటినవారిని, చేతికర్ర సాయంతో నడిచేవారిని తీసుకువెళ్ళవద్దని ఒక సూచన వచ్చింది. ఆ సూచన చేసినవారు నాకు ఆప్తులు. వారి ఉద్దేశం మంచిదే. దారిలో ఎవరికైనా ఏమైనా అయితే సంఘానికి మాట వస్తుందని వారి భయం. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. అయినా ఆ సూచనకు నేను ఒప్పుకోను. నాకిప్పుడు 74. కనుక ఈ ఏటికి నా స్వలాభం ఏమీ లేదు. వచ్చే ఏటి సంగతి మాత్రం చెప్పలేను.

ముందుగా ఆ చోటు తెలియని పిల్లల కోసం నాలుగు ముక్కలు. ఎత్తిపోతల పల్నాడు సీమలో ఉంది. మేము ఉద్యోగాలు చేసిన రోజుల్లో గుంటూరు జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లా. మాచర్ల నుంచి నాగార్జునసాగర్ వెళ్ళే దారిలో, సాగర్‌కు సుమారు 11 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. చంద్రవంక వాగు, నక్కల వాగు, తుమ్మల వాగు కలిసి, దాదాపు 70 అడుగుల ఎత్తు నుంచి ఒక్కసారిగా లోయలోకి దూకుతాయి. అక్కడి నుంచి సుమారు మూడు కిలోమీటర్లు పోయి ఆ నీరు కృష్ణలో కలుస్తుంది. మాచర్లలో చెన్నకేశవస్వామి గుడి ఉన్నది ఈ చంద్రవంక ఒడ్డునే. పల్నాటి వీరుల కథ విన్నవారెవరికీ ఆ గుడి సంగతి వేరే చెప్పనక్కరలేదు.

పేరు గురించి ఒక చిన్న సరదా సంగతి. నేను 1973లో గుమాస్తాగా చేరాను. ఆ తరువాత కొంతకాలానికి పల్నాడులో నీటిపారుదలకు సంబంధించిన ఒక ఆఫీసులో ఆరేళ్ళు పనిచేశాను. మా ఫైళ్ళలో ఎత్తిపోతల అంటే పంపులు పెట్టి నీటిని కింది నుంచి పైకి తోడే పథకం. ఇక్కడేమో నీరు పై నుంచి కిందికి పడుతుంది. కొత్తగా చేరిన కుర్రవాడొకడు జలపాతం దగ్గరి బాట మరమ్మతు కాగితాన్ని తీసుకెళ్ళి పంపుసెట్ల ఫైల్లో పెట్టాడు. దాన్ని వెతకడానికి మాకు రెండు రోజులు పట్టింది. యతులు తపస్సు చేసిన స్థలం కనుక ఆ పేరు వచ్చిందని అక్కడివారు చెబుతారు. దత్తాత్రేయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి అక్కడ ఉన్నాయి కనుక ఆ మాట భక్తులకు ఇంపుగా ఉంటుంది.

ఇంకొక సంగతి మనలాంటివారు గర్వంగా చెప్పుకోదగ్గది. వాగు అన్నాక వానాకాలంలో పొంగుతుంది, ఎండాకాలంలో సన్నబడుతుంది. కాని ఎత్తిపోతల ధార వేసవిలో కూడా నిలవాలని ఎగువన సాగర్ కాలువ నుంచి నీరు వదులుతారు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదిలారు. ఆ ఆనకట్ట రాతికట్టడం. వేలమంది కూలీలు రాళ్ళు మోసి కట్టారు. కనుక ఎత్తిపోతల దగ్గర మీరు చూసే నీటిలో కొంత దేవుడిచ్చింది, కొంత ఆ కూలీల చెమట, ఇంజనీర్ల లెక్క. కాలువకు నీరు ఎప్పుడు వదిలారో ఎప్పుడు కట్టారో రిజిస్టర్లలో రాసుకున్న మాలాంటి గుమాస్తాల సిరా కూడా ఒకటి రెండు చుక్కలు ఉండకపోదు.

ఆ ఆరేళ్ళలో తనిఖీకి పైనుంచి ఎవరొచ్చినా ఎత్తిపోతల చూపించడం ఆనవాయితీ. జీపు, టిఫిను, టీ ఫ్లాస్కు ఏర్పాటు చేయడం మా పని. వారు చూసి తిరిగి వచ్చేలోగా స్టేట్‌మెంట్లు పూర్తిచేసి బల్ల మీద పెట్టడమూ మా పనే. ఈ సభలో ఉన్న చాలామందికి ఇటువంటి అనుభవం ఉండే ఉంటుంది. కొందరు తిరుపతి రోడ్డు పక్క ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు పనిచేసి కొండకు నాలుగుసార్లే వెళ్ళి ఉంటారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు సెలవు దొరకలేదు. సెలవు దొరికినప్పుడు పిల్లల ఫీజులు అడ్డం వచ్చాయి. ఇప్పుడు తీరిక దొరికింది, నెల తిరిగేసరికి పెన్షన్ వస్తున్నది. ఇప్పుడేమో మోకాళ్ళు మొరాయిస్తున్నాయి.

మోకాళ్ళు మొరాయించినా చూడగలిగిన జలపాతం ఇది. నేను ఇక్కడ ప్రత్యేకంగా చెప్పదలచుకున్నది ఇదే. మన తెలుగునాట జలపాతాలకు కొదవ లేదు. తిరుపతి జిల్లాలో తలకోన ఉంది. 270 అడుగుల ఎత్తు. అద్భుతం. కాని అడవిలో రాళ్ళూ రప్పల మీద నడవాలి. ఆదిలాబాదు జిల్లాలో కడెం నది మీద కుంటాల ఉంది. దగ్గరకు వెళ్ళాలంటే వందల మెట్లు దిగి, మళ్ళీ అన్నీ ఎక్కాలి. అవి మన పిల్లలకు వదిలేద్దాం. ఎత్తిపోతల సంగతి వేరు. రోడ్డు మీద వాహనం దిగి కాస్త నడిస్తే చాలు. లోయకు ఇవతలి గట్టున పర్యాటక శాఖవారు కట్టిన వ్యూ పాయింట్ ఉంది. అక్కడ కటకటాల పక్కన నిలబడితే జలపాతం మొత్తం ఎదురుగా కనిపిస్తుంది. లోయలోకి దిగితే చూసేది దాని పాదాలు మాత్రమే. పూర్తి రూపం కనిపించేది పైనుంచే. అంటే దిగలేనివాడికి దక్కేది తక్కువ దర్శనం కాదన్నమాట.

కిందటి ఏడాది యాత్ర ఎలా జరిగిందో రానివారి కోసం చెబుతాను. మొత్తం 41 మందిమి. అందులో 9 మంది కుటుంబ పెన్షనర్లు. అందరిలోకీ పెద్దాయనకు 83. చేతికర్రలు ఐదు, మడత కుర్చీ బండి ఒకటి. ఉదయం ఆరున్నరకు గుంటూరులో బస్సు కదిలింది. సత్తెనపల్లి దాటి, పిడుగురాళ్ళలో టిఫిన్లు చేశాం. షుగరు ఉన్నవారు వేళకు తినాలి కనుక ఇక్కడ ఎవరి మొహమాటమూ పనికిరాదు. సున్నపు బట్టీలు, నాపరాళ్ళ గుట్టలు, పత్తి చేలు, మిరప తోటలు చూసుకుంటూ, ఎవరు ఏ ఊళ్ళో ఏ అధికారి కింద పనిచేశారో చెప్పుకుంటూ పదిన్నర అయ్యేసరికి చేరాం.

బస్సు దిగగానే కనబడదు. ముందు హోరు వినబడుతుంది. మాలో ఒక మిత్రుడికి చూపు బాగా తగ్గిపోయింది. ఆయన తన కొడుకు వరసైన కుర్రవాడి భుజం మీద చెయ్యి వేసి నడుస్తూ, అందరికంటే ముందు ఆగి, "ఇదిగో, వచ్చేశాం" అన్నాడు. కటకటాల దగ్గర ఆయనను నిలబెట్టి, ఒకరు ధార ఎక్కడ చీలిందో చెప్పారు. ఇంకొకరు కింద మడుగు రంగు చెప్పారు. మరొకరు అవతలి గట్టు మీద చెట్లు చెప్పారు. ఆయన అన్నీ విని, "మీరు ముగ్గురూ మూడు రకాలుగా చెబుతున్నారు, ఒక్కరు సరిగ్గా రిపోర్టు రాసి ఇవ్వండి" అన్నాడు. ఆయన సూపరింటెండెంటుగా రిటైరయ్యాడు లెండి.

నడవగలిగినవారు పదిహేనుమంది మెట్లు దిగి గుడికి వెళ్ళివచ్చారు. ఎవరూ ఒంటరిగా దిగరాదని, ఇద్దరిద్దరుగానే వెళ్ళాలని, గంటలో అందరూ పైన ఉండాలని ముందే అనుకున్నాం. అలాగే జరిగింది. మిగిలిన 26 మందిమి పైనే నీడలో కూర్చున్నాం.

వారిలో ఒక అమ్మ గురించి చెప్పాలి. ఆమె భర్త మా ఆఫీసులోనే అటెండరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఈ నాలుగేళ్ళలో ఆమె బ్యాంకుకు, ఆసుపత్రికి, ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి తప్ప గడప దాటలేదు. కొడుకు మంచివాడే. "అమ్మకు కాళ్ళ నొప్పులండీ, అంత దూరం ఎందుకు" అన్నాడు. నేనూ మా ఇంటావిడా ఇద్దరం వెళ్ళి బతిమాలాక పంపాడు. ఆమె అక్కడ కూర్చుని గంటసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. మా ఆవిడ కంగారుపడి, "ఏం వదినా, ఒంట్లో బాగాలేదా" అని అడిగింది. "బాగానే ఉందమ్మా. ఇంట్లో కూర్చుంటే మోటారు కట్టానా, గ్యాసు కట్టానా అని ఒకటే ఆలోచన. ఈ నీళ్ళ చప్పుడులో ఏదీ గుర్తుకు రాలేదు" అన్నది. ఆ తరువాత పులిహోర పొట్లం విప్పి మా అందరికంటే తృప్తిగా తిన్నది.

ఆమెకు ఇప్పుడు 77. కర్ర లేనిదే నడవదు. ఇప్పుడొచ్చిన సూచన ప్రకారం ఈ ఏడు ఆమెను వద్దనాలి. ఆ మాట ఆమెకు వెళ్ళి చెప్పేది ఎవరు? నేను చెప్పలేను.

ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి మనం బతికే ఉన్నామని ట్రెజరీవారికి రుజువు చూపిస్తున్నాం. వేలిముద్ర పడకపోతే కంటిపాప చూపిస్తున్నాం. ప్రభుత్వం కూడా 70 దాటినవారికి అదనపు పెన్షన్ ఇస్తున్నది. వయసు పెరిగినకొద్దీ అవసరాలు పెరుగుతాయని ప్రభుత్వమే ఒప్పుకున్నప్పుడు, వయసు పెరిగిందని మన సంఘమే మనవాళ్ళను ఇంట్లో ఉండమనడం న్యాయమేనా? మీరే ఆలోచించండి.

ఇక ప్రమాదం సంగతి. జలపాతం దగ్గర ప్రమాదం లేదని నేను అనను. ఉంది. అది ఎక్కడ ఉందో తెలుసుకోవాలి. తడి రాళ్ళ మీద పాకుడు పడుతుంది. కంటికి కనబడదు. కాలు పెడితే ఇరవై ఏళ్ళవాడైనా జారతాడు. ధార పడే మడుగులో పైకి నీరు నిలకడగా కనిపించినా లోపల సుడి ఉంటుంది. ఈతగాళ్ళు కూడా దానిలో చిక్కుకుంటారు. ఎగువన కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తున్నా వాగు ఒక్కసారిగా పెరగవచ్చు. వీటన్నిటికీ తోడు ఎత్తిపోతల మడుగులో మొసళ్ళు ఉన్నాయి. అక్కడ మొసళ్ళ పెంపకం జరుగుతుంది. కనుక ఆ నీటిలో దిగాలనే ఆలోచనే రాకూడదు.

మేము వెళ్ళిన రోజున నలుగురు కుర్రవాళ్ళు ఫోనుతో ఫోటోలు దిగడానికి కటకటాలు దాటబోయారు. కాపలాదారు ఈల వేసి వెనక్కి పిలిచాడు. గమనించండి, హద్దు దాటబోయినవారికి పాతికేళ్ళు కూడా లేవు. 83 ఏళ్ళ మా పెద్దాయన కుర్చీలోంచి కదలలేదు. జలపాతం దగ్గర ప్రమాదం వయసులో లేదు, హద్దు దాటడంలో ఉంది. మన వయసులో మనిషి పడితే ఎక్కువగా ఇంట్లో, తడిసిన స్నానాల గదిలోనే పడతాడు. అలాగని స్నానం మానుకుంటున్నామా? గోడకు పట్టుకునే కడ్డీ పెట్టించుకుంటున్నాం. యాత్రకు కూడా అటువంటి కడ్డీ ఒకటి అమర్చుకుంటే చాలు.

అందుకని వయసు నిబంధనకు బదులు కొన్ని ఏర్పాట్లు సూచిస్తున్నాను. కార్యవర్గం దయచేసి పరిశీలించాలి.

మొదటిది, కాలం. వానలు వెనకబట్టాక, నవంబరు చివర నుంచి జనవరి దాకా వెళ్ళడం మనకు అనువు. ఎండ బాధ ఉండదు. సాగర్ గేట్లు ఎత్తిన రోజుల్లో జలపాతం కూడా మంచి ఊపు మీద ఉండవచ్చుగాని, ఆ రోజుల్లో మాచర్ల దారి కార్లతో కిక్కిరిసిపోతుంది. గంటల తరబడి బస్సులో ఇరుక్కుంటే మనకు తట్టుకోవడం కష్టం. ఆదివారాలు, పండుగ సెలవులు కూడా వద్దు. ఉద్యోగాలు వదిలిన మనకు బుధవారమైనా ఒకటే, ఆదివారమైనా ఒకటే. బయలుదేరే ముందు ధార ఎలా ఉందో అక్కడివారికి ఫోను చేసి కనుక్కోవాలి.

రెండవది, ఒక రోజుకు ఒకటే చోటు. అంత దూరం వెళ్ళాం కదా, సాగర్ డ్యాము, లాంచీ ఎక్కి నాగార్జునకొండ, అనుపు, అన్నీ చూసేద్దాం అని కొందరంటారు. అవన్నీ చూడదగ్గవే. కాని ఒక్క రోజులో అన్నీ పెట్టుకుంటే దేన్నీ చూడం, బస్సు ఎక్కడం దిగడమే సరిపోతుంది. నాగార్జునకొండ వచ్చే ఏటికి ఉంచుకుందాం. ఎదురుచూడటానికి ఏదో ఒకటి ఉండటం కూడా ఆరోగ్యమే.

మూడవది, చీటీ. ప్రతి ఒక్కరి జేబులో ఒక అట్టముక్క ఉండాలి. పేరు, వయసు, జబ్బు, వాడే మందులు, ఇంటివారి ఫోను నంబరు, రక్తం గ్రూపు. గుమాస్తా బుద్ధి అనుకున్నా సరే. రేపు ఏదైనా అవసరం పడితే మాచర్ల ఆసుపత్రిలో డాక్టరుకు ఆ చీటీ మన నోటికంటే త్వరగా జవాబు చెబుతుంది. బస్సు వెనుక ఒక కారు కూడా ఉంటే మంచిది. మన సభ్యుల పిల్లల్లో కారు ఉన్నవారు ఒక్కరు ముందుకు వస్తే ఆ ఖర్చు కూడా ఉండదు.

నాలుగవది, జంటలు. కర్రతో నడిచే ప్రతి ఒక్కరికీ నడవగలిగిన ఒకరు తోడు. బస్సు ఎక్కేముందే పేర్లు చదివి జతలు కట్టాలి. మధ్యాహ్న భోజనానంతరం మూడింటికల్లా బయలుదేరి, చీకటి బాగా పడకముందే ఇల్లు చేరాలి. మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నచోటనే బస్సు ఆపాలి. ఆడవారు అడగడానికి మొహమాటపడి ఉదయం నుంచి మంచినీళ్ళు తాగడమే మానేస్తారు. అది జలపాతంకంటే ప్రమాదం.

ఐదవది, ఖర్చు. కిందటిసారి తలా 750 రూపాయలు పడింది. కుటుంబ పెన్షన్ మీద బతికేవారికి అది చిన్న మొత్తం కాదు. ముగ్గురి డబ్బు మన సభ్యుడొకరు పేరు చెప్పవద్దని చెప్పి కట్టారు. ఈసారి ఒకరి మీద పడకుండా, సంఘం నిధిలోంచి కుటుంబ పెన్షనర్లకు సగం భరించాలని కోరుతున్నాను. కోశాధికారిగారు నా వైపు చూస్తున్న చూపు నాకు తెలుసు. లెక్క తరువాత కూర్చుని చూసుకుందాం.

ఈ సంచిక పెన్షనర్ల ఇళ్ళకు వస్తుంది, పిల్లలు కూడా చదువుతారు. వారికి ఒక మాట. నాయనా, అమ్మా, మీరు మమ్మల్ని వద్దంటున్నది ప్రేమతోనే అని మాకు తెలుసు. కాని "ఈ వయసులో ఎందుకు" అని మీరు అన్నప్పుడల్లా మేము ఇంకొక గదిలోకి వెళ్ళి కూర్చుంటాం. తరువాత మీరు రమ్మన్నా రాబుద్ధి కాదు. ఎత్తిపోతలకు మీ కారులో తీసుకువెళ్ళినా సంతోషమే. మమ్మల్ని కటకటాల దగ్గర కూర్చోబెట్టి, మీరు మెట్లు దిగి గుడికి వెళ్ళిరండి. మేము ఎక్కడికీ పోం. తిరిగి వచ్చాక కింద ఏం చూశారో చెప్పండి, మేము పైనుంచి ఏం చూశామో చెబుతాం.

అధ్యక్షా, నాకిచ్చిన పది నిమిషాలు దాటిపోయినట్టున్నాయి. వయసు పరిమితి సూచనను ఉపసంహరించుకుని, నేను చెప్పిన ఏర్పాట్లతో ఈ జనవరిలో ఒక బుధవారం నాడు ఎత్తిపోతల యాత్ర పెట్టాలని తీర్మానం ప్రతిపాదిస్తున్నాను. బలపరిచేవారు చేతులు ఎత్తండి. చెయ్యి ఎత్తడానికి భుజం నొప్పి ఉన్నవారు కర్ర ఎత్తినా కార్యదర్శిగారు లెక్కలోకి తీసుకుంటారు.